బావ చెట్టు దిగాలని రాసిన స్క్రిప్టు

మా ఉద్దానం ఊళ్లకి ఇంటర్నెట్ కొబ్బరిచెట్టు మీద నుంచి వస్తుంది. ఈ మాట చెబితే హైదరాబాదులో నాతో చదువుకున్నవాళ్లు నవ్వుతారు. వాళ్లు నవ్వితే నాకు ఒళ్లు మండుతుంది. కంచిలిలో మా కంపెనీ టవరు ఉంది. అక్కడి నుంచి గాల్లో వచ్చే సిగ్నలుని ఊళ్లో పట్టుకోవాలంటే రేడియో పెట్టె ఎత్తులో ఉండాలి. మా దగ్గర ఇళ్లు ఎత్తుండవు, తోటలు ఎత్తుంటాయి. జీడితోట అయితే ఫరవాలేదు, దాని నెత్తి మీదుగా చూడొచ్చు. కొబ్బరి అలా కాదు. డాబా మీద ఎంత పొడుగు పైపు పాతినా ఎదురుగా మట్టలే అడ్డం. అందుకని ఆ చెట్టునే టవరు చేసుకున్నాం. మట్టలు మొలిచే మొవ్వు పక్కగా ఇనప పైపు కట్టి, పైన రేడియో బిగించి, కిందికి వైరు వదులుతాం. ఇందులో నవ్వడానికేముంది?

ఆ రేడియోలకి బుద్ధులు చెప్పడం నా ఉద్యోగం. కేబుల్ టీవీ నుంచి ఇంటర్నెట్‌లోకి దిగిన చిన్న కంపెనీ మాది, పలాసలో మెయిన్ ఆఫీసు. కొత్త రేడియోకి ఏమీ తెలియదు. ఏ టవరుని వెతకాలి, ఏ ఛానెల్లో మాట్లాడాలి, పాస్‌వర్డ్ ఏమిటి, తను ఎవరింటికి వచ్చింది, అన్నీ ఒక్కొక్కటిగా దాని బుర్రలో రాసిపెట్టాలి. దాన్నే కాన్ఫిగరేషన్ అంటాం. టెక్కలి పక్క ఊళ్లలో, భావనపాడులో చేపలు ఎండబెట్టే చోట, నౌపడ ఉప్పుమడుల దగ్గర, ఎక్కడైనా ఇదే తంతు. నౌపడలో మరీ అన్యాయం. ఉప్పుగాలికి స్క్రూలు తుప్పుపట్టి రేడియోలు తొందరగా పోతాయి. మళ్లీ కొత్తది, మళ్లీ మొదటి నుంచి రాయడం.

ఉద్దానం వైపు చెట్టెక్కే మనిషి మా బావ. మా అక్క భర్త. అంతకు ముందు కొబ్బరి దింపు పని చేసేవాడు. తుఫానుకి తోటలు పడుకున్నాక దింపడానికి కాయలెక్కడివి? ఏమీ తోచక మా కంపెనీలో చేరాడు. నేనే చేర్పించాను. నెల జీతం, ఎక్కేటప్పుడు నడుముకి బెల్టు. ఆ బెల్టు వేసుకోమంటే మొదట్లో సిగ్గుపడ్డాడు. దింపు మనిషి అంటే పాదాలకి తాడు కట్టు ఒక్కటే, నడుముకి బెల్టేటి, దూడకి పలుపులాగ, అని గొణిగాడు. తర్వాత అలవాటైంది. అక్కకైతే ఆ బెల్టంటే దేవుడి పటమంత భక్తి.

పని ఇలా జరిగేది. ఏ టవరు, ఏ ఛానెల్ బాగా అందుతుందో పైకెక్కితే గానీ తెలియదు కాబట్టి అన్నీ కిందే రాసి పంపడం కుదిరేది కాదు. బావ పైకెక్కి, రేడియో బిగించి, తన ఫోనుని దానికి కలిపేవాడు. నేను పలాసలో కుర్చీలో కూర్చుని ఆ ఫోను గుండా రేడియోలోకి దూరి, పేరు దగ్గర్నుంచి పాస్‌వర్డ్ దాకా టైపు చేసేదాన్ని. బావ చెవిలో ఇయర్‌ఫోను, నా చెవిలో ఇయర్‌ఫోను.

“ఇక్కడ్నించి సముద్రం కనిపిస్తంది మరదలా. నీకేటి కనిపిస్తంది?”

“నీ రేడియో పక్కచూపులు చూడటం కనిపిస్తోంది. కొంచెం ఎడమకి తిప్పు.”

“నాకు పక్కసూపులు నేర్పింది మీ అక్కేనే. తిప్పినాను, సూడు.”

ఆఫీసులో పక్క సీటువాళ్లు నా నవ్వు విని తలలు తిప్పేవారు. పని చేస్తూ నవ్వగలగడం కూడా ఒక అదృష్టమే, అప్పుడు నాకది తెలియలేదు.

నవ్వుల సంగతి సరే, ఆ టైపింగు తొందరగా తెమిలేది కాదు. మధ్యలో లైను పోతుంది. రేడియో ఆగి మళ్లీ మొదలవుతుంది. అంతసేపూ బావ ఎండలో చెట్టుకి అతుక్కుని ఉండాలి. ఇందులో ఇంకో సంగతి ఉంది, అది మా వైపు వాళ్లకే తెలుస్తుంది. దింపు మనుషులు చెట్టెక్కే ముందు నీళ్లు తాగరు. కడుపు బరువుగా ఉంటే ఎక్కలేరు, మధ్యలో దిగాల్సొస్తుంది. దింపు పనిలో చెట్టెక్కి దిగడం చిటికెలో పని కాబట్టి నడిచిపోయింది. రేడియో పనిలో పైన కూర్చోవడమే పని. బావ ఆ పాత అలవాటు మానలేదు. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా గొంతు తడపకుండా చెట్టు మీద ఉండి, సాయంత్రం ఒళ్లు నొప్పులని బిళ్ల వేసుకునేవాడు.

ఉద్దానంలో కిడ్నీ జబ్బు గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. మా ఊళ్లలో కూరేటి వండావు అని అడిగినంత మామూలుగా రక్తంలో క్రియాటినిన్ ఎంతుంది అని అడుగుతారు. ఎవరి ఇంట్లో చూసినా ఒకరికి ఉంటుంది, లేదా ఒకరికి ఉండేది. ఊళ్లో రక్తపరీక్షల క్యాంపు పెడితే అక్క బలవంతాన బావని తీసుకెళ్లింది. కాగితం చూసిన డాక్టరు, ఇంకా చేతిలోనే ఉంది, ఇప్పుడు జాగ్రత్తపడితే ఇక్కడే ఆపొచ్చు అన్నాడట. నీళ్లు బాగా తాగాలి, ఎండలో ఒళ్లు ఆర్చుకునే పని చెయ్యకూడదు, నొప్పుల బిళ్ల ముట్టుకోకూడదు. వినడానికి ఎంత తేలిక! బావ బతుకంతా ఆ మూడింటికీ ఎదురే.

ఆ రోజు సాయంత్రం అక్క ఫోను చేసింది. ఏడవలేదు. అక్క ఏడిస్తే నాకు ఇంత భయం వేసేది కాదు.

“నువ్వు ఇంజనీరువి కదే. ఆ మడిసి పైన ఉండే టైము తగ్గించలేవేటి? మానేమంటే మానడు, నాకు తెలుసు. తగ్గించు. అంతే.”

“తగ్గిస్తానక్కా” అన్నాను. అంత గట్టిగా నేను ఎవరికీ ఏ మాటా ఇవ్వలేదు.

తగ్గించే దారి నాకు తెలుసు. రేడియో తనంతట తనే కాన్ఫిగర్ అయ్యేలా స్క్రిప్టు, అంటే యంత్రానికి వరసగా ఆదేశాలు, రాయాలి. కరెంటు అందగానే అది, ఆఫీసులో ముందే ఎక్కించి పంపిన నాలుగు లైన్లతో, టవరుని వెతుక్కుని, మా సర్వరు తలుపు తట్టి, నేను ఫలానా నంబరు పెట్టెని, నేనేం చెయ్యాలి అని అడుగుతుంది. సర్వరు దాని నంబరు చూసి, దానికి కావలసినవన్నీ ఒక్క దెబ్బలో పంపిస్తుంది. పైన ఉన్న మనిషి బిగించి దిగిపోవడమే. ఓనరుకి చెబితే, మంచిదేనమ్మా, ఉన్న పనులు చెడకుండా రాసుకో అన్నాడు. రాసుకున్నాను. ఆఫీసు పని అయ్యాక, ఆదివారాలు, పలాస నుంచి అక్క ఊరికి వెళ్లే బస్సులో కూడా ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుని రాశాను.

స్క్రిప్టు రాయడం వంటకాల పుస్తకం రాయడం లాంటిది. మన చేత్తో చేసేటప్పుడు ఉప్పు తగినంత అని సరిపెట్టుకుంటాం. యంత్రానికి తగినంత అంటే తెలియదు. మొదట రాసిన స్క్రిప్టులో, ఖాళీగా ఉన్న ఛానెల్ చూసుకో అని రాశాను. ఆ ఊరి రేడియోలన్నీ ఒకేసారి చూసుకున్నాయి, అన్నిటికీ ఒకే ఛానెల్ ఖాళీగా కనిపించింది, అన్నీ పొలోమని దాంట్లోకే దూకాయి. సరిగ్గా సీరియళ్ల వేళకి ఊరంతా నెట్టు పోయింది. ఆడవాళ్లు ఫోన్లు చేసి నన్ను తిట్టిన తిట్లు నేను మా అమ్మ దగ్గర కూడా వినలేదు.

దాన్ని సరిచేస్తే ఇంకోటి. సిగ్నలు పడిపోతే రేడియో పక్కకి తిరిగిపోయిందని లెక్క, దాన్ని ఆపి మళ్లీ మొదలుపెట్టు అని రాశాను. ఇంకేముంది, మధ్యాహ్నం అయ్యేసరికి ఉద్దానంలోని రేడియోలన్నీ ఆగడం, మొదలవడం, ఆగడం. తల పట్టుకున్నాను. ఆ తోటల్లో పుట్టి పెరిగిన దాన్ని, మధ్యాహ్నం సముద్రపు గాలి లేస్తుందనీ, గాలికి చెట్టు ఊగుతుందనీ, చెట్టుతో పాటు రేడియో కూడా ఊగుతుందనీ నాకు తట్టలేదు. కుర్చీ మహిమ. ఊగే చెట్టుకి కాసేపు టైమివ్వు, వెంటనే కంగారుపడకు అని కొత్త లైన్లు రాశాను. ఆ సంగతి బావకి చెబితే, “మరదలు గుంటకి సెట్టు ఊగుతాదని తెలిసింది, సదువు పూర్తయింది” అని ఊరంతా చాటాడు.

చివరికి పనిచేసింది. కంచిలి దగ్గర ఒక తోటలో బావ కొత్త రేడియో బిగించాడు. నేను చేతులు ఒళ్లో పెట్టుకుని తెర వైపు చూస్తూ కూర్చున్నాను. పెట్టె లేచింది, అడిగింది, తీసుకుంది, తన పేరు తను పెట్టుకుంది, ఆకుపచ్చ చుక్క వెలిగింది. బావ ఇయర్‌ఫోను చెవిలో పెట్టుకుని పలికేలోపే ఇదంతా జరిగింది.

“అయిపోయింది, దిగిపో బావా.”

“అయిపోడమేటి? మనం మాటాడుకోనే నేదు కదే.”

సరదాకే అన్నాడు. కానీ గొంతులో కొంచెం చిన్నబుచ్చుకున్నట్టు వినిపించింది. నేను పట్టించుకోలేదు. అక్కకి ఫోను చేసి, మీ ఆయన దిగిపోయాడు, నీళ్లు తాగించు అన్నాను. అక్క అప్పుడు ఏడ్చింది. నాకు ఎంత పొంగు వచ్చిందో! కాలేజీలో సర్టిఫికెట్ ఇచ్చినప్పుడు కూడా అంత లేదు.

నేను లెక్కలోకి తీసుకోనిది మా ఓనరుని. చెడ్డ మనిషి కాడు, ఆ మాట చెప్పాలి. చెడ్డవాడైతే నా పని సులువయ్యేది. కొన్ని వారాలు స్క్రిప్టు పనితనం చూశాడు. ఒకరోజు పిలిచి కూర్చోమన్నాడు. పైకెక్కే మనిషికి ఇప్పుడు ఏమీ తెలియక్కర్లేదు కదమ్మా అన్నాడు. ఫోను మాట్లాడక్కర్లేదు, రేడియో సంగతి తెలియక్కర్లేదు, బిగించి దిగితే చాలు. దానికి నెల జీతం మనిషి ఎందుకు, పని ఉన్నరోజు ఎవరో ఒకర్ని పిలిపించుకుంటే సరిపోతుంది. మీ బావగారికి నువ్వే మెల్లగా చెప్పు, నేను చెబితే బావుండదు.

నోటికొచ్చినట్టు అరిచాను. ఆయన ఈ కంపెనీకి చెట్టు చెట్టునా ఒళ్లు అరగదీసుకున్నాడు, ఆయన లేకపోతే ఉద్దానంలో మీకు ఒక్క కనెక్షను ఉండేది కాదు, ఇలా ఇంకా ఏవేవో. ఓనరు అంతా విన్నాడు. “నువ్వు రాసిందే కదమ్మా” అన్నాడు. వెటకారంగా కాదు, నిజంగానే అర్థంకాక అడిగాడు. ఆ స్క్రిప్టు నేను బావ కోసం రాశాను. అది కంపెనీ సర్వరులో ఉంది. ఎవరి కోసం రాశానో సర్వరుకి తెలియదు, తెలియాల్సిన పనీ లేదు.

బతిమాలాను. అరిచిన నోటితోనే బతిమాలడం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది. కంచిలి బ్రాంచిలో ఫిర్యాదుల ఫోను ఎత్తే పని బావకి ఇమ్మన్నాను. జీతం తగ్గుతుంది, కానీ నీడపట్టున కుర్చీ, పక్కనే మంచినీళ్ల క్యాను. ఓనరు ఒప్పుకున్నాడు. నిజం చెప్పొద్దూ, నాకు లోపల సంతోషమే వేసింది. టైము తగ్గించమని అక్క అడిగింది, నేను మనిషినే కిందికి దింపేశాను అనుకున్నాను. బావ బెల్టుని శుభ్రంగా తుడిచి, చుట్టి, బ్రాంచిలో అప్పగించాడు. ఇంకెవరైనా ఎక్కేవోడికి ఇవ్వండి అన్నాడట.

కుర్చీలో కూర్చున్నాడు. నేను ఓసారి వెళ్లి చూశాను. ఇస్త్రీ చొక్కా, పక్కన అక్క కట్టిచ్చిన క్యారియరు. ఫోను మోగితే ఉలిక్కిపడుతున్నాడు. అవతలి వాళ్లు నెట్టు రాలేదని తిడుతుంటే లేచి నిలబడి సమాధానం చెబుతున్నాడు. బయటికి వచ్చాక, “కాళ్లు సచ్చిపోతన్నాయే” అన్నాడు. “అలవాటవుతుంది బావా, బెల్టు అలవాటవలేదా?” అన్నాను. నవ్వాడు. నేను ఆ నవ్వునే పట్టుకుని నిశ్చింతగా పలాస బస్సెక్కాను.

తర్వాత ఏదో పని మీద కంచిలి బ్రాంచికి ఫోను చేస్తే వేరే గొంతు పలికింది. మా బావేడి అని అడిగాను. ఆయన రావట్లేదు కదా మేడమ్, వచ్చే వారం నుంచి కొత్త మనిషి వస్తాడు, మీకు తెలీదా అన్నాడు. నాకు కోపం రాలేదు. పోనీలే, ఇంట్లో ఉండి ఒంటిని చూసుకుంటున్నాడు, అక్క ఇన్నాళ్లకి గెలిచింది అనుకున్నాను. నా జీతంలోంచి కాస్త పంపొచ్చు అని కూడా అనుకుంటూ అక్కకి ఫోను చేశాను.

“బావ ఏం చేస్తున్నాడక్కా?”

“ఆపీసుకెల్లాడు కదా. పొద్దున్నే కేరేజీ కట్టి పంపినాను. నీకు తెలీదేటి?”

వెంటనే అడిగాను, దింపు పనికి కట్టుకునే పాదాల తాడు పశువుల శాలలో మేకుకి వేలాడుతుంటుంది కదా, చూడు అని. అక్క ఫోను పట్టుకునే వెళ్లింది. అడుగుల చప్పుడు వినిపించింది. ఆగింది.

“అక్కా?”

“నేదు” అంది. ఫోను పెట్టేసింది.

తుఫాను తర్వాత నాటిన మొక్కలింకా చిన్నవే. కానీ పడకుండా నిలిచిన ముదర చెట్లు తేరుకుని మళ్లీ కాస్తున్నాయి. వాటికి దింపు మనుషులు దొరకడం లేదు. ఆ ఎత్తు చెట్లు ఎక్కడం కుర్రకారుకి చేతకాదు, చేతనైనవాళ్లలో చాలామంది మంచాన పడ్డారు. బావ లాంటివాడిని ఏ రైతు వదులుకుంటాడు? ఇదంతా నాకు ముందే తెలిసి ఉండాల్సింది.

ఆఫీసులో సెలవు అడగకుండా బస్సెక్కి, కంచిలిలో దిగి ఆటో పట్టుకున్నాను. ఊరి మొదట్లో టీ కొట్టు దగ్గర అడిగితే, సముద్రం వైపు తోటలో దింపుతున్నాడమ్మా అని చెయ్యి చూపించారు. నడుచుకుంటూ వెళ్లాను. ఎండ మండిపోతోంది. దారంతా ఏమేం తిట్టాలో కూడబలుక్కుంటూనే ఉన్నాను. అక్కకి అబద్ధం చెబుతావా, ప్రాణం అంటే లెక్కలేదా, నేను రాత్రీ పగలూ కూర్చుని రాసింది ఇందుకేనా.

తోట మధ్య కాయల కుప్ప కనిపించింది. కుప్ప పక్క చెట్టు మొదట్లో ఇస్త్రీ చొక్కా మడతపెట్టి ఉంది, దాని మీద అక్క క్యారియరు. తలెత్తి చూశాను. మొవ్వు దగ్గర బావ. పాదాలకి తాడు కట్టు. నడుముకి ఏమీ లేదు. నేను ఆ మనిషిని నేల మీదికి దించాలని స్క్రిప్టు రాస్తే, అది ఆయన నడుము బెల్టు విప్పి మళ్లీ చెట్టెక్కించింది. 

నోటిదాకా వచ్చిన కేకని మింగేశాను. చెట్టు మీద ఉన్న మనిషిని కింద నుంచి పిలవకూడదు. మా తోటల్లో పసిపిల్లలకి కూడా తెలుసు. పిలిస్తే చూపు కిందికి వస్తుంది, చూపుతో పాటు చెయ్యి జారుతుంది. ఎంత అవసరం వచ్చినా, ఇంట్లో చావు కబురైనా సరే, అతను దిగి కాలు నేల మీద పెట్టేదాకా కింద మనిషి నోరు మూసుకుని నిలబడాల్సిందే. నిలబడ్డాను.

బావ కత్తి ఎత్తి, ఎందుకో ఆగి, కిందికి చూశాడు. నన్ను చూశాడు. చూసినట్టు నాకు తెలిసింది, నాకు తెలిసినట్టు ఆయనకీ తెలిసింది. కత్తి కొట్టలేదు. దిగలేదు. మట్టలోకి మొహం తిప్పుకుని, చెట్టుని వాటేసుకుని అలాగే ఉండిపోయాడు.

దిగుతాడని చూశాను. ఎండ ఆయన వీపు మీద పడుతోంది. చెమట తుడుచుకోలేదు. రెండు చేతులూ చెట్టుకే ఉన్నాయి. పొద్దున్న ఇల్లు కదిలిన దగ్గర్నుంచి నీళ్లు తాగి ఉండడు. ఒకసారి కాలు తాడులో సర్దుకున్నాడు, పిక్క వణకడం ఇక్కణ్ణుంచి కనిపించింది. నాకు ఏడుపొచ్చింది. దిగు బావా, ఏమీ అనను, ఒక్క మాట కూడా అనను, అని లోపల్లోపలే అనుకుంటున్నాను. పైకి అనడానికి లేదు.

నా బుర్రకి అప్పుడు అర్థమైంది. నేను నిలబడినంతసేపూ ఆయన దిగడు. నాకు మొహం చూపించలేక అక్కడే ఎండిపోతాడు. పైన ఉండే టైము తగ్గించడానికి ఇక నేను చెయ్యగలిగింది ఒక్కటే మిగిలింది.

బ్యాగులోంచి నీళ్ల సీసా తీసి క్యారియరు పక్కన పెట్టాను. సీసా పెట్టడం ఆయనకి కనిపించేలా కొంచెం ఎడంగా జరిగి పెట్టాను. వెనక్కి తిరిగి, తలెత్తకుండా నడవడం మొదలుపెట్టాను. నేను కనుమరుగైతే దిగుతాడు, దిగి నీళ్లు తాగుతాడు, అక్క కట్టిన అన్నం తింటాడు. అలా అనుకుంటూ, చెప్పులు చప్పుడయ్యేలా, వెళ్లిపోతున్నానని ఆయనకి తెలిసేలా నడిచాను.

తోట దాటి మట్టిరోడ్డు ఎక్కేసరికి, దిగి నీళ్లు తాగేంత సేపైనా కాకుండానే, వెనక నుంచి కాయలు పడుతున్న చప్పుడు మళ్లీ మొదలైంది.